బండికీ ఒక రేవు కావాలి

మా బందరు వైపు ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. ఇంటికి ఏ కొత్త వస్తువొచ్చినా సరే, దాని ఖరీదెంత, రంగేమిటి అన్నవి తరవాతి సంగతులు. ముందడిగే మాట మాత్రం "ఇది మన ఇంటికి నప్పుతుందా?" అని. గ్యాసు పొయ్యి వచ్చినప్పుడు అడిగారు, మిక్సీ వచ్చినప్పుడు అడిగారు, ఫ్రిజ్జు వచ్చినప్పుడూ అడిగారు. మగవాళ్ళు నవ్వేవారు. వస్తువు మంచిదైతే ఏ ఇంట్లో అయినా మంచిదేగా అనేవారు. కాదండీ. దీపం మిణుకు మిణుకుమనే ఓల్టేజిలో మిక్సీ ఎంత మంచిదైతే ఏం లాభం? పచ్చడి మళ్ళీ రోట్లోనే పడేది. వస్తువు మంచితనం సగం వస్తువులో ఉంటే, తక్కిన సగం ఇంట్లో ఉంటుంది. ఈ సంగతి మన అమ్మమ్మలకి చెప్పక్కర్లేకుండానే తెలుసు.

ఇప్పుడు అదే ప్రశ్న కారు దగ్గరకి వచ్చింది. కరెంటుతో నడిచే కారు చలి దేశాల్లో సంసారులకి నప్పుతుందా?

బందరులో కూచుని చలి దేశాల గొడవ మనకెందుకంటారా? నిజమే, మార్గశిరంలో తెల్లారగట్ల ఒక దుప్పటి కప్పుకుంటే తీరిపోయే చలి మనది. కానీ 1965లో అమెరికా వాళ్ళు వలసల చట్టం మార్చి తలుపులు తీశాక, మన కృష్ణా జిల్లా డాక్టర్లూ ఇంజనీర్లూ ఒక్కొక్కరే వెళ్ళి డెట్రాయిట్ లోనూ చికాగోలోనూ స్థిరపడ్డారు. ఇవాళ గుడివాడలో ఏ వీధిలో చూసినా, అవనిగడ్డలో ఏ బజారులో విన్నా, పిల్లలు అక్కడున్న ఇల్లు ఒక్కటైనా తగలకపోదు. కూతురి పురుడు జనవరిలో వస్తే, జన్మలో స్వెట్టరు తొడగని తల్లి ఆవకాయ జాడీ సర్దుకుని మంచులోకి బయలుదేరుతుంది. కాబట్టి వాళ్ళ చలి మన చలే. ఆ పురిటి మనిషిని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళే కారు సంగతీ మన సంగతే.

ఈ కరెంటు కారు నిన్నా మొన్నా పుట్టిందని చాలామంది అనుకుంటారు గాని, దానికి నూరేళ్ళు దాటాయి. 1899లో బెల్జియం దేశస్థుడు కామిల్ జెనాట్సీ గంటకి 100 కిలోమీటర్ల వేగాన్ని మొదటిసారి దాటింది కరెంటు బండి మీదే. ఆ బండి పేరు 'ఎన్నడూ తృప్తి పడనిది' అని అర్థం వచ్చే ఫ్రెంచి మాట. పేరు పెట్టినవాడికి ఆడవాళ్ళ మీద ఏదో కోపం ఉండి ఉంటుందని నా అనుమానం, అదలా ఉంచండి. 1900లో అమెరికాలో తయారైన మోటారు బళ్ళు మొత్తం 4,192. వాటిలో ఆవిరివి 1,681, కరెంటువి 1,575, పెట్రోలువి 936. అంటే ఆనాటి పందెంలో పెట్రోలుది మూడో స్థానం.

ఎందుకలాగ? ఆనాటి పెట్రోలు బండిని కదిలించాలంటే ముందు వైపు ఇనప కమ్మీ దూర్చి బలంకొద్దీ తిప్పాలి. ఇంజను వెనక్కి తన్నిందంటే మణికట్టు విరిగేది. పైగా చప్పుడు, పొగ, చేతుల నిండా నూనె మరకలు. కరెంటు బండికి ఈ బాధలేమీ లేవు. ఎక్కడం, మీట నొక్కడం, వెళ్ళిపోవడం. అందుకని తయారీదార్లు దాన్ని ఆడవాళ్ళ బండిగా ప్రచారం చేశారు. డెట్రాయిట్ లో 1907 నుంచి 'డెట్రాయిట్ ఎలక్ట్రిక్' అని ఒక కారు తయారయ్యేది. లోపల చూస్తే చిన్న గదే! గాజు కిటికీలు, మెత్తటి కుర్చీలు. పెట్రోలు కార్ల మహారాజు హెన్రీ ఫోర్డు గారున్నారే, ఆయన భార్య క్లారా గారు నడుపుకున్నది ఈ డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారునే. లోకానికంతటికీ పెట్రోలు కార్లు అమ్మిన మహానుభావుడి ఇంట్లో ఇల్లాలికి నప్పింది కరెంటు కారు!

ఇందులో నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకోటుంది. ఇవాళ అందరూ "చలికి కరెంటు కారు పనికిరాదు" అంటున్నారు గదా, ఆ రోజుల్లో సంగతి తిరగేసి ఉండేది. అప్పటి పెట్రోలు కార్లు చాలావరకు పైకప్పు తీసేసే టాపు బళ్ళు. మంచు మొహాన కొట్టేది. ఇంజను చల్లబరచడానికి పోసిన నీళ్ళు రాత్రికి గడ్డకట్టి రేడియేటరు పగిలేది. చలికి నూనె చిక్కబడితే కమ్మీ తిరిగేదే కాదు. కరెంటు బండికేమో నాలుగు వైపులా గాజు తలుపులు, గడ్డకట్టడానికి నీళ్ళు లేవు, తిప్పడానికి కమ్మీ లేదు. అర్ధరాత్రి పిలుపొస్తే వెళ్ళాల్సిన పట్నపు డాక్టర్లు కూడా దీన్ని ఇష్టంగా కొనుక్కున్నారు. అప్పటికీ చలికి బ్యాటరీ నీరసించేది, లేదనను. ముఖ్యంగా ఎడిసన్ గారి ఇనుము, నికెల్ బ్యాటరీకి చలంటే గిట్టేది కాదు. అయినా డెట్రాయిట్ లాంటి చలి ఊళ్ళో, ఇంటికీ బజారుకీ తిరిగే మనిషికి అదే నప్పింది.

మరి అంత చక్కటి బండి ఏమైపోయింది? పెట్రోలు ఓడించిందని అందరూ చెప్పే మాట. నన్నడిగితే కరెంటు కారుని ఓడించింది కరెంటే. 1912 నాటి కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు ఒక చిన్న బ్యాటరీ, చిన్న మోటారు పెట్టాడు. కమ్మీ తిప్పే పని ఆ మోటారుది. ఇక మీట నొక్కితే పెట్రోలు బండీ కదిలింది. పొరుగింటి కోడలి మంచి గుణం ఒకటి అరువు తెచ్చుకుని ఈ ఇంటి కోడలు మార్కులు కొట్టేసినట్టయింది. దానికి తోడు టెక్సాస్ లో చమురు పొంగింది, ఫోర్డు గారి మోడల్ టీ ధర ఏటేటా దిగింది. 1908లో 850 డాలర్లున్నది 1925 నాటికి 300 లోపుకొచ్చింది. కరెంటు కారు దానికి ఎన్నో రెట్లు.

ఈ కారణాలు పుస్తకాల్లో అందరూ రాసేవే. వీటి వెనకాల ఇంకో కారణముంది, అది నాకు ముఖ్యమనిపిస్తుంది. 1930ల నడుమ దాకా అమెరికా పల్లెల్లో పది రైతిళ్ళు తీసుకుంటే తొమ్మిదింటికి కరెంటే లేదు. పట్నం దాటితే ఆ బండికి మేత దొరకదు. పెట్రోలంటారా, డబ్బాలో పోసి ఏ కొట్టులోనైనా అమ్ముకోవచ్చు. అంటే కరెంటు బండి ఓడింది దాని లోపంవల్ల కంటే, రాత్రి అది ఆగే చోట దానికి కావలసింది లేకపోవటంవల్ల.

ఈ మాట అనుకోగానే నాకు మన కాలవలు గుర్తొచ్చాయి. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. ఆనకట్ట అనగానే మనకి వరి పొలాలే తోస్తాయి గాని, ఆ కాలవల్ని తవ్వినవాళ్ళు పడవలకోసం కూడా తవ్వారు. లాకులు కట్టింది అందుకే. రోడ్డు సరిగా లేని ఆ రోజుల్లో, వానాకాలం వస్తే నల్లరేగడిలో ఎడ్లబండి ఇరుసు దాకా దిగిపోయే ఈ సీమలో, బందరు కాలవే రాజమార్గం. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గడ, అదీ కాకపోతే గట్టుమీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుడు. ధాన్యం బస్తాలూ, పెళ్ళివారూ, పుట్టింటికి వెళ్ళే చూలింతలూ ఆ పడవల్లోనే.

పడవ ఎందుకు నప్పిందో ఆలోచించండి. పడవ గొప్పదని కాదు. నడకతో పోల్చుకోదగ్గ వేగం దానిది. కానీ ప్రతి ఊరికీ ఒక రేవుంది. ఇంటినుంచి నాలుగడుగులు వేస్తే రేవు, రేవులో పడవ. నడి వేసవిలో మరమ్మత్తులకని కాలవ కట్టేస్తే పడవ లేదు. మన పెద్దవాళ్ళు దానికీ సిద్ధంగానే ఉండేవారు. ఆ నెలల్లో నేల ఎండి గట్టిపడుతుంది గనక ఎడ్లబండి కట్టేవారు. ఏడాది పొడుగునా ఒకే బండి అన్ని రుతువులకీ పనికిరావాలన్న పట్టుదల వాళ్ళకి లేదు. తరవాత బందరుకి రైలొచ్చింది, రోడ్లొచ్చాయి, బస్సులొచ్చాయి. రేవులు బట్టలుతికే మెట్లయ్యాయి. పడవ చెడ్డదైపోలేదు, దాని చుట్టూ ఉన్న ఏర్పాటు మారిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి రేషనొచ్చింది. అప్పుడు మన రోడ్లమీద బొగ్గు బస్సులు తిరిగాయి. వెనకాల పెద్ద డ్రమ్ములాంటి పొయ్యి, అందులో బొగ్గు. డ్రైవరు ముందుగా వచ్చి నిప్పు రాజేసి, గాలి కొట్టి, బొగ్గు వాయువు పుట్టేదాకా విసనకర్ర తిప్పుకుంటూ ప్రయాణికులు కూచునేవారు. బండి ఎక్కేముందు దాన్ని వేడిచేయడం కొత్త వింతేమీ కాదని చెప్పడానికి ఇదంతా. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమొస్తుంది.

ఇక కరెంటు కారు తిరిగి బతికిన కథ. 1991లో సోనీ కంపెనీ లిథియం బ్యాటరీని బజారులో పెట్టింది, కెమేరాలకోసం. దానికి మూలమైన పరిశోధన చేసిన గుడినఫ్, విటింగ్ హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. కెమేరాలోంచి సెల్ ఫోనుకీ, ఫోనులోంచి కారుకీ ఆ బ్యాటరీ ఎక్కింది. సీసపు బ్యాటరీ మోసే బరువులో కొద్ది భాగంతోనే అంత శక్తినీ మోస్తుంది గనక, పూర్వం ఊరు దాటని బండి ఇప్పుడు జిల్లాలు దాటుతోంది.

చలికి దానికేమవుతుంది? మనకి వంటింట్లో తెలిసిన సంగతులే. బ్యాటరీలో ఒక ద్రవం ఉంటుంది. ఛార్జి ఎక్కినప్పుడూ దిగినప్పుడూ లిథియం కణాలు దానిలోంచి అటునించి ఇటు, ఇటునించి అటు ఈదాలి. చలికాలం పొద్దున్న నెయ్యి గిన్నె చూశారుగా, పేరుకుపోయి గరిటె దిగదు. నెయ్యి ఎక్కడికీ పోలేదు, గిన్నెలోనే ఉంది, మన చేతికి రాదంతే. బ్యాటరీలో ద్రవమూ అలాగే చిక్కబడుతుంది, కణాల ఈత మందగిస్తుంది. ఎండెక్కితే నెయ్యి కరిగినట్టు, వేడెక్కితే బ్యాటరీ శక్తి తిరిగొస్తుంది. ఛార్జి చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. గడ్డకట్టే చలిలో గబగబా ఛార్జి ఎక్కిస్తే కణాలు లోపలికి దూరలేక పైనే లోహంలా పేరుకుంటాయి, అది శాశ్వతమైన దెబ్బ. అందుకని బండే చలిలో ఛార్జిని నెమ్మదిగా పుచ్చుకుంటుంది.

అసలు ఖర్చు వేరే చోట ఉంది. వెనకటి కట్టెల పొయ్యి గుర్తు తెచ్చుకోండి. అన్నం ఉడుకుతూంటే పక్కన పెట్టిన కాగులో నీళ్ళు వాటంతటవే కాగేవి. స్నానాలకి వేరే కట్టె అక్కర్లేదు. ఎందుకంటే ఆ పొయ్యి సగానికిపైగా వేడిని వృథా చేసేది, ఆ వృథాయే మనకి వేణ్ణీళ్ళు. గ్యాసు పొయ్యి వచ్చింది. పొదుపైనదే, కానీ పక్కన నీళ్ళు కాగవు. హీటరు కొనాల్సొచ్చింది. పెట్రోలు ఇంజను కట్టెల పొయ్యిలాంటిది. పోసిన పెట్రోలులో మూడింట రెండొంతులు వేడిగా పోతుంది. చలి దేశంలో ఆ వృథా వేడినే కారులోపలికి మళ్ళించి కాళ్ళు వెచ్చబెట్టుకుంటారు. కరెంటు మోటారు వృథా చేయదు, అందుకని వెచ్చదనానికి బ్యాటరీలోంచే వేరేగా ఖర్చు పెట్టాలి. పొదుపరి కోడలింట్లో చుట్టాలకి పెట్టడానికి మిగులు ఉండదన్నమాట.

ఎంత ఖర్చు? అమెరికాలో ట్రిపుల్ ఏ అనే మోటారు వాహనదారుల సంఘం 2019లో ఐదు కరెంటు కార్లని సున్నాకి ఏడు డిగ్రీలు దిగువ చలిలో పరీక్షించింది. హీటరు వేయకపోతే వెళ్ళే దూరం 12 శాతం తగ్గింది. హీటరు వేస్తే 41 శాతం తగ్గింది. చూశారా, చలి తినేది తక్కువ, కాళ్ళ వెచ్చదనం తినేది ఎక్కువ. 2020లో నార్వే మోటారు సంఘం 20 కార్లని చలికాలంలో నడిపి చూస్తే సగటున 18.5 శాతం తగ్గింది. కొత్త కార్లలో హీట్ పంపు అని వస్తోంది. ఫ్రిజ్జు వెనకాల చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుందే, అదే సూత్రం. బయటి చల్లగాలిలో ఉన్న కాస్త వేడినే తోడి లోపలికి పోస్తుంది. దానితో ఖర్చు కొంత తగ్గుతుంది.

లెక్క మన ఊళ్ళల్లో వేసి చూద్దాం. నిండు ఛార్జికి 400 కిలోమీటర్లు పోయే కారు 41 శాతం పోగొట్టుకుంటే 236 మిగులుతుంది. బందరునుంచి బెజవాడ వెళ్ళి రావడం 140. గుడివాడ వెళ్ళి రావడం 80కి అటూ ఇటూ. అమెరికాలో సగటు మనిషి రోజుకి నడిపేది 60 కిలోమీటర్లు. కాబట్టి అంత చలిలోనూ ఇంటిపనికీ ఉద్యోగానికీ ఆ బండి సరిపోతుంది. అయితే ఒక షరతు. తెల్లారేసరికి అది నిండి ఉండాలి.

ఈ షరతు దగ్గరే కథ అంతా ఉంది. 2024 జనవరిలో చికాగోలో విపరీతమైన చలి పడింది. ఛార్జింగు స్టేషన్ల దగ్గర కరెంటు కార్లు గంటలకొద్దీ బారులు తీరాయి. కొన్ని ఛార్జర్లు పనిచేయలేదు, చలికి బిగిసిన బ్యాటరీలు ఛార్జి పుచ్చుకోలేదు, కొన్ని కార్లు అక్కడికక్కడే చతికిలబడ్డాయి. ప్రపంచమంతా ఆ ఫొటోలు చూసి "చెప్పలేదూ!" అంది. అదే 2024లో చికాగోకి ఎంతో ఉత్తరాన ఉన్న నార్వేలో అమ్ముడైన కొత్త కార్లలో వందకి 89 కరెంటువి. చలి రెండు చోట్లా చలే. తేడా ఏమిటి?

నార్వే వాళ్ళు 1990 నుంచే ఈ కార్లకి పన్నులు తగ్గిస్తూ వచ్చారు. 2001లో అమ్మకప్పన్నూ తీసేశారు. కరెంటు దాదాపు అంతా జలవిద్యుత్తే. అంతకన్నా ముఖ్యం, ఎక్కువమంది ఇంటి దగ్గరే ఛార్జి పెట్టుకుంటారు. రాత్రంతా ప్లగ్గులో ఉన్న కారు పొద్దున్న బయలుదేరేముందు ఇంటి కరెంటుతోనే తనని తాను వెచ్చచేసుకుంటుంది. చెప్పానుగా, బొగ్గు బస్సు సంగతి, ఇదే. బ్యాటరీ గోరువెచ్చగా, సీట్లు వెచ్చగా బండి గుమ్మం దిగుతుంది. స్టేషన్ల దగ్గర చిక్కుపడే ప్రమాదం ఎక్కువగా ఇంట్లో ప్లగ్గు లేనివాళ్ళకే. అపార్టుమెంటువాళ్ళు, అద్దెవాళ్ళు, రోజంతా టాక్సీ తిప్పేవాళ్ళు.

ఇంకో తమాషా వినండి. చలి దేశాల్లో పెట్రోలు కారుకీ రాత్రి ప్లగ్గు కావాలి! నార్త్ డకోటా రాష్ట్రంలో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఇంజనుని రాత్రిపూట వెచ్చగా ఉంచే కరెంటు హీటరు కనిపెట్టి 1949లో పేటెంటు తీసుకున్నారు. కెనడాలో విన్నిపెగ్ లాంటి ఊళ్ళల్లో కార్లు ఆపే చోట ప్లగ్గు స్తంభాలు ఎన్నో ఏళ్ళుగా ఉన్నాయి. ఆ చలికి ఏ బండైనా గుంజకి కట్టేసి ఉండాల్సిందే.

మా పిన్ని కూతురు మిన్నెసోటాలో ఉంటుంది. అక్కడ జనవరి నెల సగటే సున్నాకి తొమ్మిది డిగ్రీలు దిగువ. దోసెల పిండి పులవడానికి ఓవెన్లో లైటు వేసి లోపల దాచుకునే ఊరు. నిరుడు ఫోన్ చేసింది.

"అక్కా, మీ మరిది కరెంటు కారు కొందామంటున్నారు. జనవరికి నాకు నెలలు నిండుతాయి, అమ్మ కూడా వస్తోంది. నువ్వేమంటావు?"

"కారు సంగతి తరవాతగాని, రాత్రిళ్ళు దాన్నెక్కడ కడతావే?" అన్నాను.

అది పకపకా నవ్వింది. "గేదె అనుకున్నావా అక్కా కట్టెయ్యడానికి! కింద ఆరుబయట పెడతాం. మేముండేది మూడో అంతస్తు."

"ప్లగ్గుందా అక్కడ?"

"లేదు. మైలు దూరంలో స్టేషనుంది. ఆయన వారానికి రెండుసార్లు వెళ్ళొస్తే సరిపోతుందంటారు."

"నెప్పులొచ్చిన రాత్రి ఆ రెండు రోజుల్లో ఒకటి కాకపోతే?"

ఆవలినుంచి కాసేపు మాటలేదు. తరవాత చెప్పింది, దానితో పనిచేసే అమ్మాయి అదే ఊళ్ళో సొంతింట్లో ఉందట, గ్యారేజీలో ప్లగ్గుందట, మూడు చలికాలాలు కరెంటు కారుతోనే హాయిగా గడిపిందట. అదే ఊరు, అదే చలి. ఒక ఇంటికి నప్పింది, ఇంకో ఇంటికి ఇంకా నప్పదు. చివరికి మావాళ్ళు ఆ చలికాలం పాత పెట్రోలు కారుతోనే గడిపి, మరో ఐదిళ్ళవాళ్ళతో కలిసి కింద ప్లగ్గులు పెట్టించమని అపార్టుమెంటు ఆఫీసుకి అర్జీ ఇచ్చారు. పుట్టింది ఆడపిల్ల, తల్లీ పిల్లా క్షేమం.

పిన్నికి మాత్రం ఇంకో భయముంది. "కరెంటు పోతే ఏం గతే?" అని. ఆవిడది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పటి సంగతులు విన్నవాళ్ళెవరికైనా ఆ భయం రాకుండా ఉండదు. పది వేలకి పైగా ప్రాణాలు పోయిన రాత్రి అది. అంతకు 113 ఏళ్ళ ముందు, 1864 నవంబరు 1న బందరులో ఇలాంటి ఉప్పెనే ముప్ఫై వేలమందిని మింగిందంటారు. స్తంభాలన్నీ పడిపోయాక ప్లగ్గు ఉండి ఏం లాభం? న్యాయమైన భయమే. కరెంటు లేకపోతే బంకులో పెట్రోలు తోడే పంపు కూడా తిరగదని జవాబు చెప్పొచ్చు గాని, డబ్బాలో దాచుకున్న రెండు లీటర్లు పెట్రోలుకి ఉన్న ధైర్యం వేరు.

అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ లో మంచు తుఫాను వచ్చి లక్షల ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు పోయింది. మనవాళ్ళు వేలమంది ఉండే డల్లాస్, హ్యూస్టన్ కూడా ఆ చీకట్లోనే ఉన్నాయి. చలికి తాళలేక కొందరు గ్యారేజీలో పెట్రోలు కారు స్టార్టు చేసి అందులో కూచున్నారు. ఆ విషపు పొగకి రంగూ వాసనా ఉండవు. కొన్ని ఇళ్ళల్లో ప్రాణాలు పోయాయి. నిండు ఛార్జితో ఉన్న కరెంటు కారులో హీటరు వేసుకుని రాత్రంతా కూచోవచ్చు, పొగ రాదు. తల్లి ప్రాణం, పిల్లల ప్రాణం అనుకున్నప్పుడు ఇదీ లెక్కలోకి రావాల్సిందే.

పొగ మాట వచ్చింది గనక ఒక ముక్క. సముద్రం వేడెక్కిన కొద్దీ తుఫానుల బలం పెరుగుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఎక్కడో మిన్నెసోటా రోడ్డు మీద వదిలిన పొగ నాగాయలంక ఒడ్డుకి సంబంధం లేనిదేం కాదు. అలాగని కరెంటు కారు కొంటే పుణ్యం వచ్చేసినట్టూ కాదు. నార్వే కరెంటు జలపాతాలది, మన ఇబ్రహీంపట్నం కరెంటు బొగ్గుది. పొయ్యి వంటింట్లోంచి పెరట్లోకి మారినా పొగ పొగే. పెరట్లోని పొయ్యిని మార్చుకోవడం ఒక్కచోట చేస్తే చాలు, అదే దానిలోని మేలు.

ఇప్పుడు మన ఊళ్ళకి వద్దాం. మనకి చలి బాధ లేదు. మన ఎండకి బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది, వాన నీళ్ళు నిలిచిన చోట బండి పెట్టడానికి భయం, అంతే. దూరాలు చిన్నవి. గుడివాడలో, బందరులో ఆడపిల్లలు కరెంటు స్కూటర్ల మీద కాలేజీకి వెళుతున్నారు. కానీ అపార్టుమెంటు మూడో అంతస్తు బాల్కనీనుంచి కిందికి తీగ వేలాడదీసి ఛార్జి పెట్టుకునే ఇల్లాలిని చూస్తే మా పిన్ని కూతురే కళ్ళముందు మెదులుతుంది. కొత్త భవనాల్లో బళ్ళు ఆపే చోటులో 20 శాతానికి ఛార్జింగు ఏర్పాటుండాలని మన కేంద్ర ప్రభుత్వం 2019లో నమూనా నిబంధనల్లో చేర్చింది. పాత భవనాల మాటేమిటి? నార్వేలో 2018 నుంచి, సరైన కారణం చూపకుండా అపార్టుమెంటు కమిటీ ప్లగ్గు పెట్టుకోవద్దనడానికి వీల్లేదని చట్టముంది. మన అపార్టుమెంటు కమిటీ మీటింగుల్లో లిఫ్టు ఖర్చు దగ్గరా, వాచ్ మన్ జీతం దగ్గరా జరిగే యుద్ధాల్లో ఈ సంగతీ ఒకటి ఎత్తండి. ఆ మీటింగులకి మగవాళ్ళనే పంపకుండా మనమూ వెళితే బాగుంటుంది.

నూరేళ్ళ కిందట డెట్రాయిట్ ఇల్లాలికి ఆ బండి నప్పిందంటే, ఆవిడకి సొంత గ్యారేజీ, అందులో కరెంటు ఉన్నాయి గనక. పల్లెలో ఇల్లాలికి నప్పలేదంటే అవి లేవు గనక. చలి ఇద్దరికీ ఒకటే. మన కాలవ రేవు మాత్రం ఏ ఒక్కరి సొంతమూ కాదు, ఊరందరిదీ. మేడవారి పడవా, గుడిసెవారి దోనే అక్కడే ఆగేవి. కాబట్టి షోరూములో కుర్రాడు ఎన్ని కిలోమీటర్లు పోతుందో చెబుతూంటే విననివ్వండి, పాపం అది అతని ఉద్యోగం. మీరు మాత్రం ఇంటికొచ్చి, మెట్లు దిగి, బండి ఆపే చోట ఒకసారి నిలబడి చూసుకోండి. అక్కడ గోడకి ప్లగ్గుందా, లేదా? లేకపోతే పెట్టించేదెవరు? దానికి జవాబు దొరికాక రంగు ఎంచుకోవచ్చు.